సొట్టలు తీయు విద్య

నిజామాబాదు నుండి మంచిర్యాల వైపు పోవు 63వ నంబరు జాతీయ రహదారిపై మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల పట్టణములు వరుసగా తగులును. ఉదయము ఎనిమిది గంటల వేళ ఆ దారిని పోవువారికి ప్రక్కనున్న రేకుల షెడ్లలో నుండి యొక సుత్తె చప్పుడు వినవచ్చును. అది కమ్మరి కొలిమిలోని బరువైన దెబ్బ కాదు. తేలికగా, వడివడిగా, ఒకే తీరున పడు చిన్న దెబ్బలు. మోటారు కారుల సొట్టలు తీయువారి చప్పుడది. సిరిసిల్లకు మరమగ్గముల మ్రోత యెట్టి గుర్తో, ఈ దారికి ఈ చిన్న సుత్తె చప్పుడు అట్టి గుర్తు. ఆ విద్యను గూర్చి, ఆ విద్యలోని నీతిని గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మేము చెప్పబోవు ఉదాహరణము ఒక పాత స్పోర్ట్స్ కారుకు సంబంధించినది. అట్టి కారు మన ప్రాంతమున ఎందరికి కలదని శ్రోతలు అడుగవచ్చును. కొద్దిమందికే కలదు. అయినను, ఆ కారుకు వచ్చిన చిక్కు పాత కారు కొను ప్రతివానికి రాగలదు. దానిని తీర్చిన చేయి ఆటోలకును, ట్రాక్టరులకును సొట్టలు తీయు చేయియే. కనుక ఈ కథ అందరిదియు అగును.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల వారికి వలస క్రొత్త కాదు. సిరిసిల్ల నేతగాండ్రు భివండికి, సోలాపురమునకు పోయి మగ్గములు నడిపిరి. 1970ల నాటి నుండి గల్ఫు దేశముల త్రోవ తెరచుకొన్నది. ఇంట స్త్రీలు బీడీలు చుట్టుచుండగా పురుషులు దుబాయికి, షార్జాకు, మస్కట్టుకు పోయిరి. ఎక్కువ మంది కట్టడముల పనిలో చేరిరి. కొందరు షార్జా పారిశ్రామిక వాడలలోని గ్యారేజీలలో చేరి డెంటింగు, పెయింటింగు నేర్చిరి. ప్రపంచమున పేరుపడిన వేగపు కారులన్నియు ఆ యెడారి నగరములలో తిరుగును, తిరుగునవి గ్రుద్దుకొనును, గ్రుద్దుకొన్నవి వీరి చేతికి వచ్చును. అచ్చటి కారులు ఎడమచేతి స్టీరింగువి గనుక మన రహదారులకు ఒదుగవు. తిరిగి వచ్చువాడు కారును తేడు. చేతిలోని పనిని తెచ్చుకొనును.

కోరుట్ల శివారున అట్లు పని తెచ్చుకొన్న పెద్దమనిషి యొకడు షెడ్డు పెట్టుకొని యున్నాడు. పదునెనిమిది సంవత్సరములు షార్జాలో డెంటరుగా పనిచేసి వచ్చినవాడు. ఆ షెడ్డులో మేము కొన్ని దినములు కూర్చుండి చూచినదియే ఈ ప్రసంగమునకు ఆధారము.

మేము అచ్చట నున్న దినములలో సిరిసిల్ల యువకుడొకడు వేములవాడ మీదుగా ఒక కారును తెచ్చెను. అతడును గల్ఫున ఆరేండ్లు శ్రమించి వచ్చినవాడే. కూడబెట్టిన సొమ్ములో పెద్ద భాగము పెట్టి హైదరాబాదులో ఒక వర్తకుని వద్ద రెండు తలుపుల ఆడి టీటీ కారును కొనెను. 2006లో వెలువడిన రెండవ తరమునకు చెందిన కారది. ఎర్రని రంగుతో అద్దమువలె మెరయుచుండెను. వానలో ఎడమ తలుపు క్రిందినుండి నీరు లోనికి దిగుచున్నదనియు, వేగమున పోవునపుడు ఆ వైపు గాలి ఈల వేయుచున్నదనియు అతని ఫిర్యాదు. ఎవరో చెప్పగా ఒక అయస్కాంతమును గుడ్డలో చుట్టి వెంట తెచ్చెను. రేకుపై పుట్టీ దళసరిగా పూసియున్నచో అయస్కాంతము అంటుకొనదు. అది పాతకాలపు పరీక్ష.

అతడు దానిని ముందరి మడ్గార్డుకు తాకించెను. అది అంటుకొనక జారెను. అతని ముఖము వెలవెలబోయెను.

"కాకా, మడ్గాడుకు మ్యాగ్నెట్ అంటుకుంటలేదు. మొత్తం పుట్టీయేనా? నన్ను ముంచిన్రా?" అనెను.

పెద్దమనిషి నవ్వెను. "లేదు బిడ్డా. అది అల్మినం రేకు. దానికి అంటదు. డోరుకు పెట్టి చూడు, అది ఇనుపది."

యువకుడు తలుపునకు తాకించెను. అచ్చటను అంటుకొనలేదు.

"గిప్పుడు భయపడాలె," అనెను పెద్దమనిషి.

ఈ చిన్న ముచ్చటలో పెద్ద పాఠము కలదు. ఆ కారు కట్టడము రెండు లోహముల కలయిక. బరువునుబట్టి చూచిన సుమారు మూడింట రెండు వంతులు అల్యూమినియము, తక్కినది ఉక్కు. మడ్గార్డులు, బానెట్టు అల్యూమినియమువి. తలుపులు, డిక్కీ మూత ఉక్కువి. తేలికదనము ముందునకును, కొంత బరువు వెనుకకును చేరి కారు నిలుకడగా పోవుటకు అట్లు చేసిరి. ఈ సంగతి తెలియనివాడు మంచి మడ్గార్డును చూచి బెదరును. పరీక్ష చేయుటకు ముందు పరీక్షింపబడు వస్తువేదియో తెలియవలెను.

పెద్దమనిషి తలుపుమీది రంగును నాణెమంత మేర గీచి చూపెను. ఎరుపు క్రింద బూడిదరంగు, దాని క్రింద పచ్చని పుట్టీ. కొలిచినచో ఎనిమిది మిల్లీమీటర్లు. ఫ్యాక్టరీ నుండి వచ్చు రంగు పొరలన్నియు కలిసి మిల్లీమీటరులో పదియవ వంతుకు కొంచెము అటు ఇటుగా నుండును. సొట్ట తీసిన పిమ్మట మిగులు చిన్న మిట్టపల్లములను సరిచేయుటకు పుట్టీ అవసరమే. అది మూడు మిల్లీమీటర్లు మించరాదు. అంతకు మించినది కాలక్రమమున బీటలు వారును, ఎండకు వానకు ఉబ్బును, అదరులకు పెచ్చులుగా ఊడును. ఎనిమిది మిల్లీమీటర్ల పుట్టీ యనగా సొట్టను తీయక పూడ్చిరనియే అర్థము.

ఇక లోపలి స్థితి తెలియవలెను. పెద్దమనిషి కొలతబద్దను చేతబట్టెను. తలుపు తీసి, ద్వారబంధము నొక మూల నుండి ఎదుటి మూలకు ఐమూలగా కొలిచెను. అదే కొలతను కుడివైపున తీసెను. రెండు వైపులు అద్దములోని ప్రతిబింబములవలె సరిపోవలెను. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాను లెక్కింపరు. ఇచ్చట తేడా పదకొండు మిల్లీమీటర్లు వచ్చెను. తలుపు క్రిందనుండు గడప లోనికి నొక్కుకొని యుండెను. తలుపు లోపల అడ్డముగా నుండు ఉక్కు దూలము వంగియుండెను. నీరు కారుటయు, గాలి ఈల వేయుటయు ఈ పదకొండు మిల్లీమీటర్ల వలననే.

పూర్వపు మోటారు బండ్లకు క్రింద బలమైన ఛాసీ, దానిపై వేరుగా బాడీ యుండెడివి. నేటి కారులలో చాలవరకు బాడీయే ఎముకల గూడు. గడప, స్తంభములు, పైకప్పు, నేల అన్నియు కలిసి బరువును మోయును, దెబ్బను పంచుకొనును. బేలా బారెన్యి అను ఇంజనీరు డైమ్లర్ బెంజ్ సంస్థలో పనిచేయుచు 1951లో ఒక పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. కారు ముందు వెనుక భాగములు నలిగి దెబ్బను మ్రింగవలెను, మనుష్యులు కూర్చుండు గది మాత్రము నలుగరాదు అనునది అతని ఆలోచన. 1959లో వచ్చిన మెర్సిడెస్ కారులలో అది ఆచరణలోనికి వచ్చెను. నేడు కారులన్నియు ఆ సూత్రముననుసరించియే కట్టబడుచున్నవి. నలుగవలసినది నలుగుటయు, నలుగరానిది నిలుచుటయు రెండును లెక్కప్రకారము జరుగవలెను. ప్రక్కనుండి దెబ్బ తగిలినపుడు మనిషికిని, ఎదుటి బండికిని నడుమ జానెడు దూరము కూడ నుండదు. అచ్చట కాపాడువానిలో ముఖ్యమైనవి ఆ గడపయు, తలుపులోని దూలమును.

యువకునికి ఈ లెక్కలు రుచింపలేదు. అతని తొందర అతనిది.

"మీదికెల్లి నున్నగ చేసి మల్ల రంగు కొట్టు కాకా. దసరా దగ్గరికొచ్చింది. కొండగట్టుకు తీస్కపోయి పూజ చేపియ్యాలె. ఊళ్లె అందరికి చెప్పిన."

"ఈ ఎడమ దిక్కు సీట్ల కూసునేది ఎవరు బిడ్డా?"

"అమ్మ."

"మరి అమ్మ కూసునే దిక్కు పుట్టీ పెట్టుమంటవా?"

యువకుడు బదులు పలుకలేదు. కొంతసేపు షెడ్డు బయట వేపచెట్టు క్రింద నిలుచుండెను. తిరిగివచ్చి, "ఏం చెయ్యాల్నో చెప్పు కాకా" అనెను.

పెద్దమనిషి చెప్పిన మొదటి మాట మమ్ము ఆశ్చర్యపరచినది. గడప పని తన షెడ్డులో జరుగదనెను. అది అల్యూమినియపు ఎముక. దానిని కాచి, కొట్టి, సాగదీసి సరిచేయరాదు. నలిగిన భాగమును తీసివేసి, తయారుచేసినవారి విధానముననుసరించి బంకతోను రివెట్లతోను క్రొత్త భాగమును కూర్చవలెను. కారును కదలకుండ బిగించి, ప్రతి బిందువును కొలుచు బెంచి కావలెను. అది హైదరాబాదులో కలదు, కోరుట్లలో లేదు. తనకు రాని పనిని రాదని చెప్పుటలో అతనికి సంకోచము కనబడలేదు. పదునెనిమిదేండ్ల అనుభవము అతనికి నేర్పినది ఈ హద్దుయే కాబోలు.

తలుపు విషయమున రెండవ తీర్పు. వంగిన దూలమును తిన్నగా వంచరాదు. అట్టి భాగములకు వాడు ఉక్కు మిక్కిలి గట్టిది. వేడిచేసినచో దాని బలము పోవును, చల్లగా వంచినచో పగులును. కనుక తలుపునే మార్చవలెను. విడిభాగముల బజారులో అదే కారుది, దూలము చెడని పాత తలుపు దొరకెను. దానిపై అరచేతి వెడల్పున ఒక సొట్ట యుండెను. ఆ సొట్టను తీయుట మేము దగ్గర కూర్చుండి చూచితిమి.

కారు పైరేకు మందము ముప్పాతిక మిల్లీమీటరు ప్రాంతమున నుండును. 1957లో మొదలై 2014లో నిలిచిపోయిన అంబాసిడరు కారు రేకు ఇంతకంటె దళసరి. దానిని గట్టిగా కొట్టినను ఓర్చుకొనెడిది. నేటి రేకు ఓర్వదు. అందుచేత మొదట కండ్లతో చదువవలెను. దెబ్బ ఎచ్చట మొదలైనది, ఎటు సాగినది, ఎచ్చట ఆగినది? తీయునపుడు వరుస తలక్రిందులగును. చివర ముడుతపడిన అంచును ముందు విడిపింపవలెను, మొదట తగిలిన లోతును చివరకు ఎత్తవలెను. తొందరపడి నడిమి గుంటను ముందు కొట్టినచో చుట్టునున్న ముడుతలు బిగిసికొని రేకు సాగును.

లోపల ఎడమచేత డాలీ యను చిన్న దాగలి, బయట కుడిచేత సుత్తె. డాలీని గుంట క్రింద ఒత్తిపట్టి, దాని ప్రక్కనున్న మిట్టపై సుత్తెతో కొట్టినచో మిట్ట దిగును, గుంట లేచును. డాలీకి సరిగా పైననే కొట్టినచో రేకు నునుపగును. ఎక్కువ కొట్టినచో పలుచనై సాగును. సాగిన రేకు వ్రేలితో నొక్కిన టపటపలాడును. దానిని కుదించుటకు చిన్న మచ్చంత మేర ఎర్రగా కాచి, తడిగుడ్డతో చల్లార్తురు. చల్లారుచు అది ముడుచుకొనును. పెద్దమనిషి ప్రతి పది దెబ్బలకును ఒకసారి కండ్లు మూసికొని అరచేతితో రేకును నిమిరెను. కన్నునకు కానరాని మిట్ట అరచేతికి తెలియుననెను. మధ్యాహ్నమునకు సొట్ట పోయెను. పూసిన పుట్టీ ఒక మిల్లీమీటరునకు మించలేదు.

మడ్గార్డు పని మరియొక తీరు. అల్యూమినియము బరువులో ఉక్కునకు మూడవ వంతు. స్వభావములో దానికి చుట్టము కాదు. ఉక్కు వేడెక్కినపుడు ఎర్రబడి హెచ్చరించును. అల్యూమినియము 660 డిగ్రీల వద్ద కరగును. కరగుటకు ముందు రంగు మారి చెప్పదు. చూచుచుండగనే రంధ్రము పడును. కావున మంటను తాకింపక, వేడిగాలి యంత్రముతో కొద్దిగా వెచ్చజేసి, వేడిమిని కొలిచి చూచుచు, కొయ్యసుత్తెతో మెల్లగా లేపవలెను. ఇనుమునకు వాడిన ఆకురాయిని, గరుకు కాగితమును దానిపై వాడరాదు. ఇనుపరజను అందులో చిక్కినచో తేమ తగిలి రెండు లోహముల నడుమ తుప్పు పుట్టును. ఈ పనికై పెద్దమనిషి వేరొక పెట్టెలో పనిముట్లను పెట్టి, వాని పిడులకు తెల్లగుడ్డ చుట్టియుంచెను.

గడప పని ముగించుకొని హైదరాబాదు నుండి కారు తిరిగివచ్చుసరికి దసరా దాటెను. ద్వారబంధపు కొలతలు రెండు వైపుల సరిపోయెను. ఇక రంగు మిగిలెను. రంగు కొట్టు దినమున పెద్దమనిషి షెడ్డు వెలుపలనే కూర్చుండెను. కారణమడిగితిమి. నేటి కారుల రంగులలో గట్టిపడుటకై కలుపు ద్రవములో ఐసోసయనేటులను రసాయనములుండును. వాని తుంపర ఊపిరితిత్తులలో చేరినచో ఉబ్బసము వంటి జబ్బు పట్టును. ఒకసారి పట్టినవానికి అటుపిమ్మట కొద్దిపాటి వాసన సోకినను ఊపిరాడదు. పరదేశమున తొలి సంవత్సరములలో అతడు ముక్కునకు రుమాలు కట్టుకొని రంగు కొట్టెనట. నేడు ఆ గదిలో అడుగు పెట్టలేడు. తన వద్ద పనిచేయు కుఱ్ఱవానికి మాత్రము బయటి గాలిని గొట్టముద్వారా అందించు ముసుగును కొని యిచ్చెను. షెడ్డులోని వస్తువులన్నిటిలో ఖరీదైనది అదియే. సిరిసిల్ల మగ్గముల వద్ద పత్తినుసిని, బీడీల చేటలపై పొగాకు పొడిని పీల్చిన కుటుంబముల బిడ్డలకు ఊపిరి విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

పని ముగిసిన దినమున మాకు మిక్కిలి నచ్చిన సంగతి జరిగినది. పెద్దమనిషి బిల్లుతోపాటు వేరొక కాగితమును వ్రాయించి యిచ్చెను. తలుపు మార్చబడినది, గడప ఎడమ భాగము ఫలానా నెలలో మార్చబడినది, మడ్గార్డు సొట్ట తీయబడినది అని అందులో నుండెను. మరమ్మతునకు ముందరి కొలతలు, తరువాతి కొలతలు, ఫోటోలును జతచేయబడెను. యువకుడు, "ఇది చూస్తె రేపు కొనేటోడు ధర తగ్గిస్తడు కద కాకా" అనెను. "తగ్గియ్యనియ్యి బిడ్డా. నీకు ఇట్లాంటి కాగితం ఎవరన్న ఇచ్చి ఉంటె నువ్వు ఇక్కడిదాక వచ్చెటోనివా?" అని ఆయన సమాధానము.

శ్రోతలు గ్రహింపవలసినది ఈ సమాధానమునందే కలదు. దాచిన మరమ్మతు అప్పువంటిది. చేసినవాడు తీర్పడు, చేతులు మారుచు పోయి, ఏమియు ఎరుగనివాని నెత్తిన పడును. అందును కొన్నిసార్లు వడ్డీగా ప్రాణమును అడుగును. మన దేశపు మోటారు భీమా నియమములననుసరించి మరమ్మతు ఖర్చు కారునకు కట్టిన విలువలో నూటికి 75 వంతులు మించినచో దానిని పూర్తి నష్టముగా లెక్కించి సొమ్ము చెల్లింతురు. అట్టి కారు తుక్కుగా అమ్ముడుపోయి, కొన్నిసార్లు మరల రంగు వేసికొని బజారునకు వచ్చును. రంగును చూచి కొనువాడు తుక్కును కొన్నవాడగును.

పాత కారును కొనువారు కొన్ని జాగ్రత్తలు పాటింపవచ్చును. ఎండలో కారు ప్రక్కన వంగి, దూరపు స్తంభముల నీడ రేకుపై తిన్నగా సాగుచున్నదో, అలవలె వంకరపోవుచున్నదో చూడవలెను. తలుపుల సందులు రెండు వైపుల సమానముగా నున్నవో లేవో వ్రేలితో తెలిసికొనవలెను. తలుపు రబ్బరును కొంచెము లాగి, క్రిందనున్న ఫ్యాక్టరీ వెల్డింగు చుక్కలు వరుసగా నున్నవా యని చూడవలెను. మడ్గార్డు బోల్టుల తలలపై రంగు చెదరినచో అది విప్పబడినదని గుర్తు. ద్వారబంధమును ఐమూలగా కొలుచుటకు కొలతటేపు చాలును. భీమా సంస్థనుండి పూర్వపు క్లెయిముల వివరమును అడుగవలెను. ఇవి చేయుటకు అరగంట పట్టును. ఆరేండ్ల సంపాదనను ఖర్చుపెట్టువాడు అరగంటను ఖర్చుపెట్టుటకు వెనుదీయరాదు.

ఇంకొక మాట చెప్పి ముగింతుము. ఐ.టి.ఐ. పాఠ్యక్రమములలో ఆటో బాడీ రిపేరు, ఆటో బాడీ పెయింటింగు అను శిక్షణలు కలవు. ఎడారి వాడలలో ఏండ్ల తరబడి నేర్చిన విద్య జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలకు తిరిగివచ్చిన చేతులలో కలదు. పుస్తకము డాలీ పేరు చెప్పగలదు. రేకు సాగినదని అరచేతికి తెలియజెప్పుట పుస్తకమునకు రాదు. ఆ చేతులు పని మానుటకు ముందే వానిని శిక్షణాలయములకు పిలిచి, నాలుగు దినములైన విద్యార్థుల నడుమ కూర్చుండబెట్టిన మేలు. సొట్ట తీయుట ఎంతయో, దేనిని తీయరాదో తెలియుటయు అంత. అది కూడ వారే నేర్పగలరు.

కొండగట్టున పూజ కార్తీకమాసమున జరిగినదని మాకు తెలిసినది. ఎడమవైపు సీటులో అతని తల్లి కూర్చుండెనట. తలుపు వేసినపుడు ఒకే చప్పుడుతో మూసికొన్నదనియు, దారిలో గాలి ఈల వినబడలేదనియు యువకుడు కబురు పంపెను.